గంతగుడ్డలో లేని పోగులు

నా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని కంటి డాక్టరుగారు చెప్పి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆయనకి నేను చెప్పిన సాకులన్నీ పుస్తకంగా వేస్తే మంచి గిరాకీ ఉంటుంది. ఒకసారి మూఢం అన్నాను. ఒకసారి జలుబన్నాను. ఇంకోసారి, ఈ వయసులో మా ఆవిడ ముఖం కాస్త మసగ్గా కనబడటమే కాపరానికి మేలండీ అన్నాను. ఆ మాట ఎవరు మోశారో గానీ ఇంటికి చేరిపోయింది. రెండు రోజులపాటు నా కాఫీలో పంచదార కనబడలేదు. అది మాత్రం శుక్లం వల్ల కాదు. ఇప్పుడంతా పావుగంట పనేనట, పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చట. మా వీధిలో నాకంటే పదేళ్ళు పెద్దాయన చేయించుకుని, మర్నాడే పేపరు చదువుతూ వీధరుగు మీద కూర్చున్నాడు. "మీ వేళాకోళాలకి భయపడి శుక్లం పారిపోదండీ" అంటుంది మా ఆవిడ. నిజమే. పారిపోతున్నది నేనే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, కానీ మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

మొన్న ఆదివారం పొద్దున్న వరలక్ష్మి వచ్చింది. మా గురువుగారు గంగరాజు వస్తాదుగారి ఒక్కగానొక్క కూతురు. అమలాపురంలోనే మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంటుంది. బడిలో లెక్కలు చెబుతుంది. లెక్కల పేరు వింటే గోడ దూకిన నన్ను, లెక్కల టీచరు నోరారా బాబాయిగారూ అని పిలవడం నా జీవితంలో దేవుడు చేసిన పెద్ద హాస్యం. చేతిలో స్టీలు డబ్బా ఉంది. మూత తియ్యకముందే వాసన నాకు ముందుగా కబురు చెప్పేసింది. పనసాకుల్లో ఉడికిన పిండి వాసన అది. పొట్టిక్కలు. పచ్చటి పనసాకులు నాలుగు కలిపి, ఈనెపుల్లలతో దొన్నెల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు పసరు, మినప్పిండి, ఆవిరి మూడూ కలిసి వచ్చే ఆ వాసన ముందు హోటలు ఇడ్లీ ఉత్త దూది ముద్ద. డబ్బా బల్ల మీద పెట్టి, సంచీలోంచి మడతపెట్టిన గుడ్డ ఒకటి తీసి నా చేతికిచ్చింది. వాళ్ళమ్మగారి ట్రంకుపెట్టె అడుగున, చీరల మడతల్లో దొరికిందట.

ఒకప్పుడు గొడుగు గుడ్డంత నల్లగా ఉండేది. ఇప్పుడు బెల్లం పాకం రంగుకి వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి ఎత్తి చూశాను. నా కళ్ళకి అంతా ఒకటే మసక. అప్పుడు వేళ్ళతో తడిమాను. కుడివైపు, అంచుకి జానెడు లోపల, ఆ చోటు దొరికింది. అక్కడ నిలువు పోగులు నాలుగు లేవు. వేళ్ళు ఆ సందు మీద ఆగేసరికి, ఇన్నేళ్ళ కిందటి ఆనపకాయ ఒకటి చల్లగా వచ్చి నా పొట్ట మీద కూర్చుంది.

నేను ఎనిమిదో తరగతితో చదువు మానేశానని అందరూ అంటారు గానీ, మానేసింది నేను కాదు, చదువే. మా హెడ్మాస్టరుగారు మా నాన్నని పిలిపించి, మీ సూరిబాబుకి నోరు తప్ప మిగతా అవయవాలన్నీ సెలవులో ఉన్నాయండీ అని చెప్పారు. మా నాన్న ఇంకేమీ అడక్కుండా, బడి నుంచి తిన్నగా నన్ను గంగరాజుగారి కొబ్బరికాయల కొట్టుకి తీసుకెళ్ళి అప్పజెప్పాడు. అక్కడ పని కాయ ఒలుపు. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయని గుచ్చి, మూడు తిప్పుల్లో డొక్క ఊడబెరకాలి. గంగరాజుగారు ఆ పని చేస్తుంటే మన ముఖంలోకి చూస్తూ కబుర్లు చెప్పేవారు. చేతులు వాటంతట అవే పోతుండేవి. మనిషి పొట్టి. కానీ భుజాలు రెండూ చూస్తే ఎవరో తాటి దుంగని అడ్డంగా పెట్టి పైన తలకాయ అతికించినట్టుండేది. మీసాలకి కొబ్బరినూనె రాసేవారు. ఎండలోకి వస్తే ముందు మీసాలు మెరిసేవి, ఆ తరవాతే మనిషి కనబడేవారు. పగలంతా కాయలు ఒలిచే మనిషి, తెల్లవారుజామున మాత్రం మా వీధి కుర్రాళ్ళకి వస్తాదు. దసరాకి మా ఊళ్ళో వీధివీధికీ తాలింఖానా కడతారు. కర్రసాము, కత్తిసాము చేస్తూ ఊరేగింపు. మా వీధికి ఆయనే గురువు, అంతకు ముందు వాళ్ళ నాన్న.

కోడి కూసేసరికి ఆయన పెరట్లో ఉండాలి. దండాలు, బస్కీలు, ఆ తరవాత కర్ర. మేం చెమటలు కక్కుతుంటే, వంటపాకలోంచి ఆయన భార్య తాయారమ్మగారు పొట్టిక్కల ఆవిరి మా మీదికి వదిలేవారు. అది ఆవిడ చేసే చిత్రహింస. ఆవిడ ఆయన భుజం దాకా కూడా వచ్చేవారు కాదు. గొంతు కూడా పెద్దది కాదు. కానీ పెరట్లో ఆవిడ మాటే శాసనం. కర్ర తిప్పినోడికి రెండు పొట్టిక్కలు, నోరు తిప్పినోడికి ఒకటి. నాకెప్పుడూ ఒకటే. అల్లం పచ్చడి మాత్రం అందరికీ సమానం. గంగరాజుగారు తినేటప్పుడు ఆకు విప్పి, ఆ ఆకుని ఒకసారి వాసన చూసి, అప్పుడు పక్కన పెట్టేవారు. తినడం కంటే ఆ వాసన చూడటమే ఆయనకి ఇష్టమేమో అనిపించేది. ఆవిడ ఏం చెప్పినా, సరేనన్నట్టుగా, "ఆయ్" అనేవారు. ఊరంతటికీ వస్తాదు, ఇంట్లో ఆయ్.

మా వీధి ఊరేగింపులో అందరూ ఎదురుచూసేది ఒకటుంది. నాలుగు రోడ్ల కూడలిలో చాప వేసి, దాని మీద ఒకణ్ణి చొక్కా లేకుండా పడుకోబెడతారు. వాడి పొట్ట మీద లేత ఆనపకాయ. వస్తాదుగారికి నల్లగుడ్డతో గంత కట్టి, చేతికి కత్తి ఇస్తారు. డప్పులు మోగుతుంటే ఆయన చాప చుట్టూ మూడుసార్లు తిరిగి, కత్తి బద్దతో కాయని ఒక్కసారి తాకి, గాల్లోకి లేపి కొడతారు. ఆనపకాయ రెండు చెక్కలవుతుంది. కింద పొట్ట మీద గీత కూడా పడదు. ఏటా పడుకునే మనిషికి, నేను చేరిన ఏడే పెళ్ళి కుదిరింది. పిల్లనిచ్చే మామగారు, అల్లుడు కత్తి కింద పడుకోకూడదని షరతు పెట్టారు. చోటు ఖాళీ అయింది. ఎవరు పడుకుంటారన్న మాట వచ్చినప్పుడు పెరట్లో అందరూ కాళ్ళ బొటనవేళ్ళ కేసి చూసుకుంటున్నారు. నేను ఊరుకోవచ్చుగా. పడుకోవడమేగదండీ, బడిలో నేను ఎనిమిదేళ్ళూ చేసిందదేనండీ అన్నాను. అందరూ నవ్వారు. గంగరాజుగారు నవ్వలేదు. "ఆయ్. అయితే రా" అన్నారు.

కింద పడుకునేవాడికి ధైర్యం కంటే కావలసింది ఒకటుందని అప్పుడు తెలిసింది. పొట్ట కదలకూడదు. అంటే నవ్వకూడదు. నాలాంటివాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏ జైల్లోనూ వెయ్యరు. నెల రోజులు చెక్క కత్తితో సాధన. నేను ఆనపకాయ మోస్తూ పడుకుంటే, తోటివాళ్ళు చుట్టూ కూర్చుని కోతి ముఖాలు పెట్టేవారు. అందరికంటే ఘోరం వరలక్ష్మి. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. నా తల దగ్గర నిలబడి, ఏమీ అనకుండా, ముక్కు చివర రెండు కళ్ళూ కలిపి చూసేది. ఎన్ని కాయలు దొర్లిపోయాయో. దొర్లిన కాయ ఆ పూట కూర. ఆ నెలంతా వాళ్ళింట్లో ఆనపకాయ తప్ప ఇంకో కూర లేదు.

ఇంకో నియమం కూడా ఉంది. గంత కట్టాల్సింది కింద పడుకునేవాడే. ఎవడి ప్రాణం పోతుందో వాడి చేత్తోనే కట్టాలి, అప్పుడే జనానికి నమ్మకం. మొదటిసారి ఆ గుడ్డ చేతికిచ్చినప్పుడు వెలుగుకి ఎత్తి చూశాను. కుడి కంటి దగ్గర సన్నటి సందు. గుడ్డ పాడైందండీ అన్నాను. ఆయన పెరట్లో ఎవరూ లేరని చూసుకుని నా పక్కన గొంతుక్కూర్చున్నారు.

"పాడవలేదురా. మా నాన్న లాగేడు, నాలుగు పోగులు. సరిగ్గా కంటి మీదికి వచ్చేటట్టు కట్టు."

"అయితే మీకు కనబడుద్దాండీ?"

"కనబడకపోతే ఎలాగరా? కింద మడిసి ఉన్నాడు. కనబడకుండా కత్తెత్తేవోడు వీరుడు కాదు, ఎదవ."

అన్ని వీధుల వస్తాదులూ ఇలాగే చేసేవారని నేననను. మా వీధి సంగతి ఇది, అదీ మా ఇద్దరి మధ్యా ఉన్న సంగతి. ఆ క్షణంలో నాకు కొంచెం నిరుత్సాహం, బోలెడంత హాయి. ఆ దసరాకి పడుకున్నాను. కాయ తెగింది, నేను తెగలేదు. ఆ రోజు నుంచి నాకు ఊళ్ళో ఆనపకాయ సూరి అని పేరు. కిళ్ళీ కొట్టు దగ్గర నేను వెళితే చోటిచ్చేవారు. మా నాయనమ్మ, వచ్చినవాళ్ళందరికీ నా చొక్కా పైకెత్తి పొట్ట చూపించేది, చూడండమ్మా గీత కూడా లేదు అని. మూడు దసరాలు అలా గడిచాయి. సందు ఉన్న సంగతి తెలిసి పడుకున్నవాడికి అంత ధైర్యం అక్కర్లేదని నాకు తెలుసు. అయినా పొగడ్తకి అడ్డు చెప్పే గుణం నాకు పుట్టుకతో లేదు.

నాలుగో ఏడు, కొట్టు నుంచి వాళ్ళింటికి వస్తున్నాం ఇద్దరం. వసారాలో అరటిగెల ఒకటి వేలాడదీసి, పక్షులు పొడవకుండా దాని మీద గోనెసంచి కప్పారు తాయారమ్మగారు. గంగరాజుగారు గుమ్మంలో ఆగి, గెలకేసి చూసి, కండువా సర్దుకుని, "ఎంతసేపైందండీ వచ్చి? కూర్చోండి, నిలబడిపోయేరేంటి?" అన్నారు. మర్యాదలో మా వైపువాళ్ళని మించినవాళ్ళు లేరన్న మాట నిజమే గానీ, అరటిగెలని అండీ అనడం నేను అదే చూడటం. నవ్వబోయి ఆయన ముఖం చూశాను. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

ఆ తరవాత అన్నీ కనబడటం మొదలెట్టాయి. కొట్టులో ఏ ఇబ్బందీ లేదు, కాయని చేతులే చూసుకుంటాయి. కానీ తినేటప్పుడు తాయారమ్మగారు పచ్చడి ఎప్పుడూ పళ్ళేనికి ఒకే వైపు వేస్తున్నారు. చెంబు ఎప్పుడూ కుడి మోకాలి దగ్గరే. కర్రసాము నేర్పేటప్పుడు ఆయన ఇప్పుడు చూసి తప్పు చెప్పడం లేదు, కర్ర చేసే చప్పుడు విని చెబుతున్నారు. ఊళ్ళో కంటి శిబిరం పెడితే తాయారమ్మగారు బలవంతంగా పంపించారు. గేటు దాకా వెళ్ళి, కంటికి కట్టుతో బయటికొస్తున్న ఒకాయన్ని చూసి, వెనక్కొచ్చేశారు. డాక్టరుగారు ఊళ్ళో లేరని చెప్పారు. ఆ డాక్టరుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారట. కత్తులతో ఆడుకునే మనిషి, కంటి దగ్గరికి సూది వస్తుందంటే అంత బెదిరిపోయారు.

దసరా దగ్గర పడుతోంది. నేను ఆయనకేమీ చెప్పలేదు. ఆయనా నాకేమీ చెప్పలేదు. ఈ ఏడు పడుకోనండీ అంటే కిళ్ళీ కొట్టు దగ్గర నా చోటు పోతుంది, నాయనమ్మ ఎవరికీ నా పొట్ట చూపించదు. కత్తి ఎత్తనని ఆయనంటే, వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చిన పేరు పోతుంది, పక్క వీధివాళ్ళు ఏడాదంతా ఏడిపిస్తారు. అందుకని ఇద్దరం మగధీరుల్లాగా నోరు మూసుకున్నాం. నా మట్టుకు నాకు నోరు మూసుకోవడం అదే మొదలు.

పండగ రోజు పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళారు. తాయారమ్మగారు నా ముందు ఆకు వేసి రెండు పొట్టిక్కలు పెట్టారు. నాలుగేళ్ళలో నాకు రెండు పెట్టడం అదే మొదటిసారి. ఉరికంబం ఎక్కేవాడికి ఆఖరి కోరిక తీర్చినట్టనిపించింది. ఆవిడ నా ఎదురుగా పీట వేసుక్కూర్చున్నారు.

"ఆయనకి కనబడట్లేదని నీకు తెలుసా, సూరీ?"

తెలుసునండీ అన్నాను, ఆకుకేసి చూస్తూ.

"నీకు తెల్సు, నాకు తెల్సు, ఆయనకీ తెల్సు. ముగ్గురికీ తెలిసి ముగ్గురం అనం. మజ్జిలో ఏమీ తెలీంది ఆ ఆనపకాయ ఒక్కటే. నేను చెప్తే ఆడదాని పిరికితనం అంటారు. నువ్వు పడుకోనని చెప్పు."

"నన్ను పిరికోడంటారండి."

"అననీ. పిరికోడన్న మాటకి పొట్ట తెగదు."

రెండో పొట్టిక్క ముట్టకుండానే లేచాను. వెళ్ళి చెప్పేద్దామనే అనుకున్నాను. ఊరేగింపు బయల్దేరే ముందు చెప్పాలనుకున్నాను. వంతెన దగ్గర చెప్పాలనుకున్నాను. నాలుగు రోడ్ల కూడలి వచ్చేసింది. మేడల మీద జనం, గోడల మీద జనం, ఎద్దుబళ్ళ మీద జనం. ఎండ వాలుతోంది. ఎవరో చాప పరిచారు. నా చొక్కా ఎవరో తీసేశారు. ఆనపకాయ సూరి అని ఎవరో కేక వేస్తే ఈలలు పడ్డాయి. ఆ ఈలల్లో నా మాట ఎక్కడికో కొట్టుకుపోయింది. గంత కడుతున్నప్పుడు, కుడి కంటి మీద సందు సర్ది, చెవి దగ్గర మెల్లిగా అడిగాను, కనబడుతుందాండీ అని. "కట్టరా" అన్నారు. ముడి వేశాను. వెళ్ళి పడుకున్నాను. దీన్ని ఎవరైనా ధైర్యం అంటే, ఆ మనిషికి ధైర్యం అంటే తెలీదన్నమాట. అంతమంది ముందు లేచి వెళ్ళిపోవడానికి భయపడి పడుకున్నవాణ్ణి నేను.

కాయ చల్లగా ఉంది. పైన ఆకాశం చాలా మామూలుగా ఉంది. డప్పులు అందుకున్నాయి. ఆయన మూడు చుట్లు తిరిగారు, అడుగు తడబడలేదు, ఆ కూడలిలో ఆయన కాళ్ళకి దారి నోటికొచ్చు. కత్తి బద్ద కిందికి దిగింది. నా పక్కన చాపని తాకింది. జనం అదేదో కొత్త విన్యాసం అనుకుని చప్పట్లు కొట్టారు. మళ్ళీ లేచి, మళ్ళీ దిగింది. ఈసారి నా రొమ్ము మీద. ఇనుము చల్లదనం వేరు, ఆనపకాయ చల్లదనం వేరు. కత్తి అక్కడే ఒక్క క్షణం నిలబడింది. తాకిన చోటే కొట్టాలి, పద్ధతి అది. ఆ క్షణంలో నాకు నాయనమ్మ గుర్తుకు రాలేదు, కిళ్ళీ కొట్టూ గుర్తుకు రాలేదు. ఉన్న ఒకే ఒక్క అవయవం పనిచేసింది.

"వస్తాదుగారండీ, అది నా గుండెండి. ఆనపకాయ ఇంకాస్త కిందుందండి."

ముందు వరసవాళ్ళు నవ్వారు. నా పొట్ట కదిలి, కాయ దొర్లి రోడ్డు మీద పడింది. నాకు తెలిసిన నిజాన్ని, నాకు తెలిసిన ఒకే భాషలో చెప్పాను. ఆయన కదలకుండా నిలబడ్డారు. తరవాత కత్తి కిందికి దించి, నేల మీద పెట్టారు. విసరలేదు, పెట్టారు. ముడి విప్పుకున్నారు. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆ గుడ్డని రెండు చేతులతో చాపి జనానికి చూపించారు. ఎవరికేసి చూపిస్తున్నారో ఆయనకి తెలీదు.

"ఇందులో సందుందండి. మా నాన్న పెట్టేడు, కింద పడుకున్నోడి కోసం. ఇన్నేళ్ళూ అందులోంచి చూసే కొట్టేనండి. ఇయ్యాల గుడ్డ తీసేసినా ఈ కుర్రోడి మొహం నాకు కనబడట్లేదు. నేను కత్తెత్తనండి."

పక్క వీధివాళ్ళలోంచి మోసం అని ఎవరో అరిచారు. ఇంకెవరో వెకిలిగా నవ్వారు. ఆయన తల వంచలేదు, ఎత్తలేదు. అప్పుడు మనుషుల్ని తోసుకుంటూ తాయారమ్మగారు వచ్చారు. రోడ్డు మీద పడ్డ ఆనపకాయని తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, బిందెలా చంకన పెట్టుకున్నారు. "పదండి. లేత కాయ, పాలు పోసి వండుతాను" అన్నారు. ఆయన "ఆయ్" అన్నారు. దాంతో జనం గొల్లుమన్నారు, ఈసారి ఆ నవ్వులో విషం లేదు. ఆవిడ ఒక చేత్తో కాయ, ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయారు. మొగుడి పక్కన నడవడానికే సిగ్గుపడి నాలుగడుగులు వెనక నడిచే రోజులవి. నడిరోడ్డు మీద, ఊరంతా చూస్తుండగా, చెయ్యి పట్టుకుని. ఆ రోజు ఊరేగింపులో కత్తులు, కర్రలు ఎన్ని తిరిగాయో నాకు గుర్తులేదు. వాళ్ళ నడక గుర్తుంది. ఆ రాత్రి కూర మాత్రం నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

కొన్నాళ్ళు ఊళ్ళో ఆయన్ని సందు వస్తాదు అన్నారు. కొట్టు ముందు నుంచి పోతూ కావాలని అనేవారు. ఆయన కాయ ఒలుస్తూ "ఆయ్" అనేవారు. అంతే. మాట అనేవాడికి అందులో రుచి పోయింది. ఒకరోజు పని ఆపి, అటూ ఇటూ తిరిగి, నా గొంతు ఎటు వినిపిస్తే అటు తిరిగి కూర్చుని చెప్పారు. "సూరీ, ఆ కంటి సూదంటే నాకు భయంరా." అంత లావు మనిషి నోట్లోంచి ఆ మాట వచ్చాక, నేను నా మూడేళ్ళ భయం అంతా బయటపెట్టాను. సందు ఉందని తెలిసినా ప్రతి దసరాకీ ముందు రెండు రోజులు నాకు నిద్ర పట్టేది కాదని చెప్పాను. ఇద్దరం కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం. తరవాతి వారం కంటి ఆసుపత్రికి బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన నా మణికట్టు పట్టుకునే ఉన్నారు. నా మణికట్టు మీద ఆయన వేళ్ళ గుర్తులు నాలుగు రోజులున్నాయి. కత్తి వల్ల నా ఒంటి మీద ఎప్పుడూ గీత పడలేదు, ఆయన భయం వల్ల మాత్రం పడింది.

ఆ రోజుల్లో శుక్లం తీస్తే అయిదు రోజులు కదలకుండా పడుకోవాలి. తలకి అటూ ఇటూ ఇసక మూటలు పెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ముఖ్యంగా నవ్వకూడదు. కళ్ళకి కట్టు. నేను పక్కన స్టూలు మీద. ఎవరు కట్టేర్రా ఈ గంత, నువ్వు కట్టలేదే అన్నారు మొదటి రోజు. సందు ఉందాండీ అని అడగబోయాను. "నువ్వు నోరెత్తకు. నువ్వు ఊరుకున్నా నాకు నవ్వొస్తుంది" అన్నారు. కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో ఆయనకిప్పుడు తెలిసింది, ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలిసింది. ఆ అయిదు రోజులూ నేను ఒక్క హాస్యం ఆడలేదు. నా జీవితంలో సాహసం అంటూ ఏదైనా చేశానంటే అదే. కట్టు విప్పాక, సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఇంతేనా నువ్వు? ఇన్నాళ్ళూ అందగాడివనుకున్నాను" అన్నారు. అయిదు రోజుల బాకీ ఆయనే తీర్చేశారు.

మరుసటి దసరా నుంచి మా వీధిలో ఆనపకాయని అరటిబోదె మీద పెట్టి కొట్టించారు. జనం కొంచెం పలచబడ్డారు. ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడూ మా వీధిలో తాలింఖానా ఉంది. ఆడపిల్లలు కూడా కర్ర తిప్పుతున్నారు, మగపిల్లల కంటే బాగా తిప్పుతున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, ఎవరు ఏం చేసినా నిమిషంలో ఊరు దాటిపోతుంది. మా రోజులే గొప్పవని చెప్పడం ముసలివాళ్ళకి రివాజు గానీ, ఒక్క విషయంలో ఈ పిల్లలే నయం. మొన్న మా మనవడు పరీక్షకి పోతూ, తాతా, నాకు భయంగా ఉంది, గేటు దాకా రావా అన్నాడు. అంత తేలిగ్గా అనేశాడు. ఆ మాట పైకి అనడానికి గంగరాజుగారికి నలభై అయిదేళ్ళు, ఒక కూడలి, అంతమంది జనం కావలసొచ్చారు.

ఇదంతా చెప్పుకుంటూ ఉంటే డబ్బాలో పొట్టిక్కలు చల్లారిపోయాయి. వరలక్ష్మి ఒకటి విప్పి నా పళ్ళెంలో పెట్టింది. నేను ఆకు తీసి వాసన చూసి పక్కన పెట్టాను. అది చూసి దాని ముఖం ఎలా మారిందో నాకు సరిగ్గా కనబడలేదు. అమ్మాయి ముఖం, తొమ్మిదేళ్ళప్పుడు నన్ను నవ్వించడానికి అన్ని వంకరలు తిప్పిన ముఖం, నాకు అడుగు దూరంలో ఉండి కూడా కనబడలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఒడిలో గుడ్డ ఉంది. నాలుగు పోగుల సందు మీద నా బొటనవేలు ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, అంటే మా ఆవిడ వింటోందన్నమాట. విననీ అనుకున్నాను.

"అమ్మాయీ, మంగళవారం నాడు కన్ను చేయించుకుంటాను. నాకు భయంగా ఉంది. నువ్వు తోడొస్తావా?"

వంటింట్లో ఏదో మూత కింద పడింది. వరలక్ష్మి నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, వాళ్ళ నాన్న మడిచినట్టే మూడు మడతలు పెట్టి, నా జేబులో పెట్టింది.

"ఆయ్, వస్తానండి బాబాయిగారూ" అంది. "ఆనపకాయ తెమ్మంటారా?"